గూళ్ల బండిలో డీజిల్ అడుక్కి పోనివ్వొద్దు

ఈసారి పురుగు గురించి కాదు, గూళ్లు మోసే పికప్ బండి గురించి రాస్తున్నాం.

పెట్రోలు బండిలో ఆయిల్ అయిపోతే లీటరు పోసి సెల్ఫ్ కొడితే చాలావరకు స్టార్ట్ అయిపోతుంది. డీజిల్ బండి అలా కాదు. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు. పంపు డీజిల్‌ని గట్టి ప్రెషరుతో ఇంజెక్టర్ల ద్వారా లోపలికి కొడితేనే మండుతుంది. ట్యాంకు ఖాళీ అయితే పైపుల్లోకి గాలి దూరుతుంది. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి ప్రెషరు రాదు. దీన్నే మన డ్రైవర్లు "ఎయిర్ పట్టింది" అంటారు. పైగా ఆ పంపుకీ ఇంజెక్టర్లకీ డీజిలే నూనె. పొడిగా తిరిగితే అరిగిపోతాయి, రిపేరు ఖర్చు వేలల్లో ఉంటుంది.

మన దారులతో ఇంకో చిక్కుంది. మోహనా వైపు నుంచి తప్తపాణి ఘాట్ దిగి బరంపురం వచ్చేటప్పుడు బండి వాలుగా ఉంటుంది. ట్యాంకులో కొద్దిగా డీజిల్ ఉన్నా అది ఒక పక్కకి జరిగిపోతే పైపు గాలినే లాగొచ్చు. ట్యాంకు ఎప్పుడూ ఖాళీగా ఉంచితే మన సముద్రపు తేమకి లోపల నీరు కూడా చేరుతుంది.

బండి ఆగితే గూళ్లు ఆగవు. లోపల ప్యూపా బతికే ఉంటుంది, ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది. బస్తాలు ఒకదానిమీద ఒకటి వేసి టార్పాలిన్ కప్పి ఎండలో నిలబెడితే గూళ్లు చెమర్చుతాయి, ప్యూపా చచ్చి మరక పడుతుంది. మరక గూడుకి రేటు రాదు. నెల కష్టం రోడ్డు మీద పోతుంది.

అందుకే గూళ్లు ఎక్కించే ముందే డీజిల్ కొట్టించాలి. పావు ట్యాంకు కంటే కిందికి దిగనివ్వకూడదు. రిజర్వు లైటు వెలిగేదాకా ఆగొద్దు. ఆంధ్రా వైపు వెళ్లేవాళ్లు గిరిసోల దాటకముందే నింపుకుంటే మంచిది, ఒడిశాలో రేటు తక్కువ.

అయినా దారిలో బండి జర్కులు ఇచ్చి, పుల్లింగ్ తగ్గితే ఇలా చెయ్యండి:

1. వెంటనే పక్కకి తీసి, నీడలో ఆపి, ఇంజన్ ఆపేయండి. పూర్తిగా ఆగిపోయేదాకా లాగొద్దు.
2. టార్పాలిన్ తీసి, బస్తాలు విడివిడిగా దించి మూతులు వదులు చెయ్యండి.
3. కనీసం 5 నుంచి 10 లీటర్ల డీజిల్ పోయండి. పెట్రోలు, కిరోసిన్ కలపొద్దు.
4. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. ఫిల్టర్ మీద ఎయిర్ స్క్రూ ఉంటే కొంచెం వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ వచ్చాక బిగించండి. చేతి పంపు లేని బండికి కీ మూడు నాలుగుసార్లు ఆన్ చేసి కాసేపు ఉంచి ఆఫ్ చెయ్యండి.
5. సెల్ఫ్ ఒక్కోసారి 10 సెకన్లు దాటి కొట్టొద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగాలి. లేకపోతే బ్యాటరీ కూడా పోతుంది.
6. కామన్ రైల్ బండికి ఇంజెక్టర్ పైపులు సొంతంగా విప్పొద్దు. ఆ ప్రెషరు చర్మం కోసుకుని లోపలికి పోతుంది. మెకానిక్‌నే పిలవండి.

అక్టోబరులో మరింత జాగ్రత్త. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. కరెంటు పోతే జనరేటరు లేని బంకులో మెషీను ఆడదు, ఉన్న చోట లైను కడతారు. మల్లె నుంచి గూళ్లు విప్పే రోజు మాత్రం మన కోసం వాయిదా పడదు, ఆలస్యమైతే చిలక గూడు కొరుక్కుని బయటికొస్తుంది. తుఫాను కబురు వినగానే మేతకి ఆకు కోసి పెట్టుకున్నట్టే బండికి ట్యాంకు నింపి పెట్టుకోండి.

మీ ఊరి డ్రైవర్లకి కూడా ఈ మెసేజి పంపండి.