ఫోనుతో కంటి లోపలి ఫొటో: షుగరు ఉన్నవారు తెలుసుకోవలసినవి

షుగరు వ్యాధి కంటిని నొప్పి లేకుండానే పాడు చేస్తుంది. కంటి వెనుక ఉండే రెటీనా అనే పొరలో సన్నని రక్తనాళాలు బలహీనపడి రక్తం, నీరు కారుతాయి. మొదట్లో చూపు బాగానే ఉంటుంది. అందుకే "నాకు బాగానే కనబడుతోంది కదా సిస్టర్" అంటూ చాలామంది పరీక్షను వాయిదా వేస్తారు. చూపు మసకబారాక వస్తే, పోయిన చూపును పూర్తిగా తిరిగి తేవడం చాలాసార్లు సాధ్యపడదు.

కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెలవారికి రెటీనా పరీక్ష అంటే నంద్యాలకో కర్నూలుకో ప్రయాణం. ఒక రోజు కూలి పోతుంది, తోడుగా ఒక మనిషి కావాలి. స్మార్ట్‌ఫోనుకు తగిలించే కంటి పరికరం ఈ ఇబ్బందిని కొంత తగ్గించగలదు.

ఇది ఎలా పనిచేస్తుంది?

కంటిపాప చిన్న కిటికీ వంటిది. చీకటి గదిలో ఏముందో ఆ కిటికీలోంచి చూడాలంటే వెలుగు, చూపు రెండూ ఒకే దారిన లోపలికి పోవాలి. 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఈ సూత్రంతోనే కంటి లోపల చూసే పరికరాన్ని తయారుచేశారు. ఇప్పుడు అదే సూత్రంతో లెన్సు, చిన్న లైటు గల పరికరాన్ని ఫోను కెమెరాకు అమర్చుతున్నారు. శిక్షణ పొందినవారు ఫొటో తీసి పంపితే, దూరాన ఉన్న కంటి డాక్టరు చూసి సలహా చెబుతారు. ఇంట్లో మామూలు ఫోనుతో తీసిన ఫొటోలో రెటీనా కనబడదు.

నమ్మవచ్చా?

చెన్నైలో 301 మంది షుగరు రోగులపై జరిగిన పరిశీలన 2015లో వెలువడింది. పెద్ద కెమెరాలో జబ్బు కనబడిన ప్రతి 100 కేసుల్లో సుమారు 93 ఫోను ఫొటోలోనూ కనబడ్డాయి. అంటే కొన్ని తప్పిపోవచ్చు. కెన్యాలో వైద్యం చదవనివారు ఫోనుతో తీసిన కంటి నరం ఫొటోలు కూడా పెద్ద కెమెరా ఫొటోలతో సరితూగాయని 2016లో ప్రచురించారు. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2018లో సామాజిక ఆరోగ్య కేంద్రాలలో ఈ-ఐ కేంద్రాలు ప్రారంభించింది. అక్కడ వాడినవి పెద్ద కెమెరాలే అయినా, ఫొటోను దూరాన ఉన్న డాక్టరుకు పంపే పద్ధతి ఇదే.

ఫొటో చేయలేనివి

1. కంటిలోని ఒత్తిడిని కొలవలేదు. కాబట్టి గ్లకోమా లేదని ఫొటో ఒక్కటే చూసి చెప్పలేము.
2. శుక్లం బాగా ముదిరితే రెటీనా కనబడదు.
3. ఫొటో వైద్యం కాదు. లేజరు, ఇంజెక్షను వంటి చికిత్సలకు కంటి ఆసుపత్రికి వెళ్లవలసిందే.

పరీక్షకు వచ్చేటప్పుడు

కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేయవచ్చు. తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక బండి నడపవద్దు, తోడు మనిషితో రండి. గ్లకోమా ఉంటే, మందులకు ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి. షుగరు, బీపీ చీటీలు, వాడుతున్న మందులు తెచ్చుకోండి.

ఫొటో కోసం ఆగకూడని సమయాలు

అకస్మాత్తుగా చూపు తగ్గినా, కళ్ల ముందు నల్లని చుక్కలు, దారాలు ఒక్కసారిగా పెరిగినా, కన్ను ఎర్రబడి బాగా నొప్పి పుట్టినా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. శనగ, జొన్న పనుల్లో కంట్లో పొట్టో ముల్లో తగిలితే నలపవద్దు, ఆకు పసరు పోయవద్దు, దుకాణంలో అడిగి చుక్కలు వేసుకోవద్దు.

షుగరు ఉన్న ప్రతి ఒక్కరూ చూపు బాగున్నా ఏడాదికి ఒకసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. షుగరు ఉన్న గర్భిణీలు తొలి నెలల్లోనే చేయించుకోవాలి. మీ ఇంట్లో అవ్వాతాతలకు షుగరు ఉంటే ఈ పేజీ చదివి వినిపించండి. "పెద్దాసుపత్రికి వెళ్లండి" అని ఫొటో చూసిన డాక్టరు చెబితే, పంట పనులు అయ్యాక చూద్దామని ఆగవద్దు. ఆ ఫొటో తీసింది మీరు సమయానికి వెళ్లడానికే.