చంద్రగిరి రాజమహలు

తిరుపతికి సమీపమున, కొండ పాదమున చంద్రగిరి దుర్గము కలదు. 1565లో తళ్లికోట యుద్ధము జరిగిన పిమ్మట విజయనగర ప్రభువులు పెనుగొండ నుండియు, తరువాత ఈ చంద్రగిరి నుండియు రాజ్యమేలిరి. ఆ దుర్గములోని మూడంతస్తుల భవనమే రాజమహలు.

ఇంటి కప్పునకు దూలములు, వాసములు వేయుట పల్లెల వాడుక. ఈ మహలులోనో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నములతోనే కట్టిరి. మరి అంతటి బరువును మోయునదేది? కమానులు. కమానులో ప్రతి ఇటుకయు ప్రక్క ఇటుకను ఒత్తిపట్టును. పైబరువు ఇరువైపులకు చీలి, దళసరి గోడల మీదుగా నేలకు దిగును. దూలమును చెదలు తినును, నిప్పు కాల్చును. కమానుకు ఆ భయము లేదు.

ఈ కమానులు సుల్తానుల కట్టడములను, పైనున్న శిఖరములు దేవాలయ గోపురములను తలపించును. రెండు రీతులును ఇచట ఒక్కటైనవి.

భారత పురావస్తు శాఖ ఈ మహలును సంరక్షించుచు, ఇందు ప్రదర్శనశాలను నడుపుచున్నది. అయినను చెదలకు లొంగని గోడ చిన్న మేకునకు లొంగును. గోడపై పేరు చెక్కువాడు సున్నపుపూతను పగులగొట్టి వాననీటికి త్రోవ చేయును. నీరు చొచ్చిన ఇటుక సడలును. ఒక ఇటుక సడలిన కమానుకే ముప్పు. చూడబోవు బాలబాలికలు ఈ సంగతి మరువరాదు.