45 డిగ్రీల షాట్ రింగులో ఎందుకు పడదు?

బంతిని ఏ కోణంలో విసిరితే ఎక్కువ దూరం పోతుందని ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా 45 డిగ్రీలనే చెబుతారు. లెక్క తప్పు కాదు. కానీ సత్తెనపల్లిలో ఏ బాస్కెట్‌బాల్ గ్రౌండులోనైనా ఫ్రీ త్రో గీత మీద నిలబడి అదే కోణంలో బంతి వేసి చూడండి. రింగు అంచుకు తగలకుండా లోపలికి దిగదు. పుస్తకంలోని సూత్రం, బంతి బయల్దేరిన ఎత్తులోనే మళ్లీ కిందికి వస్తుందనుకుని రాసింది. ఇక్కడ దిగాల్సిన చోటు చేతికంటే దాదాపు మీటరు పైన ఉంది. కోచ్ నేర్పే షాటైనా, ఐదుగురూ కలిసి ఆడే ఎత్తుగడైనా ఆ మీటరు లెక్క తేల్చుకోవడానికే.

రింగు ఎంత, బంతి ఎంత?

రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట మొదలుపెట్టినప్పుడు, పండ్ల బుట్టలు తగిలించిన జిమ్ బాల్కనీ 10 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తే ఇప్పటికీ నిలిచిపోయింది. వై.ఎం.సి.ఎ.ల ద్వారా ఆట మన దేశానికి వచ్చింది. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల పెట్టేనాటికి సత్తెనపల్లి ఉన్న అప్పటి గుంటూరు జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, మగవాళ్లు ఆడే బంతి వ్యాసం సుమారు 24. ఇంకేం, చోటు కావలసినంత ఉందనిపిస్తుంది. అయితే పత్తి చేలో మందు కలిపే డ్రమ్మును గుర్తు తెచ్చుకోండి. పక్కన నిలబడి వంగి చూస్తే నోరు గుండ్రంగా కనిపిస్తుంది, దూరంగా గట్టు మీద నుంచి చూస్తే సన్నటి చీలికే. బంతికీ రింగు అలాగే ఉంటుంది. నిట్టనిలువుగా దిగే బంతికి 45 సెంటీమీటర్ల దారి. 45 డిగ్రీల వాలులో దిగితే 32. వాలు 30 డిగ్రీలకు తగ్గితే మిగిలేది 22.5, అంటే బంతి కంటే తక్కువ.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆటగాడి చెయ్యి 2.1 మీటర్ల ఎత్తులో బంతిని వదిలిందనుకోండి. ఫ్రీ త్రో గీత నుంచి రింగు మధ్యకు దూరం 4.2 మీటర్లు. 45 డిగ్రీలలో వదిలిన బంతి రింగు దగ్గరకు వచ్చేసరికి 29 డిగ్రీల వాలులో దిగుతుంది. అదే 52 డిగ్రీలలో వదిలితే వాలు దాదాపు 40కి పెరుగుతుంది, దారి 28 సెంటీమీటర్లు దాటుతుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో సిల్వర్‌బర్గ్, ట్రాన్ అనే ఇద్దరు 2008లో కంప్యూటర్ మీద ఫ్రీ త్రోలు వేయించి చూసి తేల్చిన కోణం కూడా 52 డిగ్రీలే.

గుర్తుపెట్టుకోవడానికి తేలికైన సూత్రం ఒకటుంది. చేతి నుంచి రింగును చూసే కోణంలో సగాన్ని 45కు కలపాలి. ఆ కోణంలో బంతికి అతి తక్కువ బలం చాలు, కోణం కాస్త అటూ ఇటూ అయినా దూరం పెద్దగా మారదు. చెయ్యి కిందున్న కొద్దీ రింగు పైకి కనిపిస్తుంది కాబట్టి, పొట్టి పిల్లవాడు ఇంకా ఎత్తుగా వేయాలి. 1.7 మీటర్ల దగ్గర బంతి వదిలేవాడికి ఈ లెక్క 54 డిగ్రీలు చెబుతుంది. బలం చాలక ఆ పిల్లవాడు తుంటి దగ్గర నుంచి బంతిని బల్లపరుపుగా విసిరేస్తుంటాడు. వాడికి చెప్పాల్సింది గట్టిగా వేయమని కాదు, మోకాళ్లు వంచి పైకి వేయమని. పన్నెండేళ్లలోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగును 2.6 మీటర్లకు దించిందీ ఇందుకే.

కోచ్ పక్కన నిలబడాలి

రింగు కింద నిలబడితే బంతి పడిందో లేదో తెలుస్తుంది, ఎలా వచ్చిందో తెలియదు. కోర్టు పక్కకు వెళ్లి చూడాలి. కొలతకు బోర్డే ఉంది. బోర్డు మీద గీసిన చిన్న పెట్టె పై గీత దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, బోర్డు పై అంచు 3.95. పై లెక్కలోని 45 డిగ్రీల షాట్ చిన్న పెట్టె పై గీత దగ్గరే ఆగి కిందికి తిరుగుతుంది. 52 డిగ్రీల షాట్ ఆ గీతకూ బోర్డు పై అంచుకూ దాదాపు మధ్య దాకా లేచి దిగుతుంది.

రెండోది బంతి తిరుగుడు. చేతివేళ్ల మీదుగా జారిన బంతి వెనక్కి తిరుగుతూ పోవాలి. అలా తిరిగే బంతి బోర్డుకు తగిలితే రాపిడి దాన్ని కిందికి, రింగులోకి నెడుతుంది. రింగు అంచు మీద పడితే ముందుకు పోయే వేగం తగ్గి, లోపలికి జారే వీలు పెరుగుతుంది. దీనికి కోర్టు కూడా అక్కర్లేదు. వెల్లకిలా పడుకుని ఒంటిచేత్తో బంతిని నిలువుగా పైకి వేయాలి. సరిగ్గా తిరుగుతూ వెళ్లింది అదే అరచేతిలోకి వస్తుంది, పక్కకు పడితే బొటనవేలో రెండో చెయ్యో నెట్టిందన్నమాట.

ఎత్తుగడ అంటే సమయం

ఇంత చక్కని కోణం ప్రత్యర్థి మీద పడుతుంటే కుదరదు. గట్టి చెస్ట్ పాస్ సెకనుకు 10 మీటర్లు పోతుందనుకుందాం. ఐదు మీటర్లకు అర సెకను. అంతే దూరం నిలబడ్డచోటు నుంచి పరిగెత్తడానికి మనిషికి సెకను పైనే పడుతుంది. ఆ తేడాయే షూటర్‌కు దొరికే ఊపిరి. అందుకే ఆటగాళ్ల మధ్య 15 నుంచి 18 అడుగుల ఎడం ఉంచమని కోచ్‌లు మొత్తుకుంటారు. అందరూ బంతి చుట్టూ మూగితే ఒకే డిఫెండర్ ఇద్దరిని కాసేస్తాడు.

పిక్ అండ్ రోల్ కూడా ఈ లెక్కే. బంతి ఉన్నవాడి డిఫెండర్ దారిలో మనవాడొకడు వచ్చి కదలకుండా నిలబడతాడు, కదిలి తగిలితే ఫౌల్. బంతి ఉన్నవాడు అతని భుజాన్ని రాసుకుంటూ దూసుకెళ్తాడు. అడ్డం నిలబడ్డవాడు వెంటనే తిరిగి రింగు వైపు పరిగెడతాడు. కాసేపు ఇద్దరికీ కలిపి ఒక్క డిఫెండరే మిగులుతాడు.

ఎండలో బంతి, సాయంత్రం డ్రిల్

ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్న జిల్లాలో ఎండను మరిచిపోయి కోచింగ్ చేయలేం. 25 డిగ్రీల దగ్గర 8 పౌండ్ల గాలి కొట్టిన బంతిని 45 డిగ్రీల వేడిలో వదిలేస్తే లోపలి ఒత్తిడి తొమ్మిదిన్నరకు చేరుతుంది. రింగుకు తగిలినప్పుడు ఎక్కడికో ఎగిరిపోతుంది. 1.8 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే బంతి పై అంచు 1.2, 1.4 మీటర్ల మధ్య లేవాలి. ఆట మొదలుపెట్టే ముందు ఓసారి చూసుకోవాలి.

ఇక డ్రిల్. ఒకేచోట నిలబడి వంద షాట్లు వేయిస్తే ఆ చోటే అలవాటవుతుంది. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లల చేత గుడ్డసంచులు విసిరించారు. 3 అడుగుల గురికే సాధన చేసినవాళ్లకంటే, 2, 4 అడుగులకు మార్చి మార్చి వేసినవాళ్లే చివరికి 3 అడుగుల గురిలోనూ మెరుగ్గా వేశారు. కాబట్టి మొదట రింగుకు మీటరు దూరంలో ఒంటిచేత్తో, ఆపైన ప్రతి షాటుకూ చోటు మారుస్తూ, చివరగా పాస్ అందుకున్న వెంటనే వేయించాలి.

నోట్‌బుక్కులో పడినవి, పోయినవి అని మాత్రమే రాసుకుంటే లాభం లేదు. పక్కకు పోయిందా, రింగుదాకా రాలేదా, దాటిపోయిందా అని రాసుకోవాలి. పక్కకు పోతే మోచెయ్యి చూడాలి. సాధన చివర్లో వరసగా రింగుదాకా రాకపోతే కాళ్లు అలిసిపోయి కోణం పడిపోయిందని అర్థం. అక్కడితో ఆపి నీళ్లు తాగించాలి. అలిసిన కాళ్లతో వేసే మిగతా షాట్లన్నీ తప్పు కోణాన్నే అలవాటు చేస్తాయి.