అన్ని బళ్లకీ సరిపోతుందన్నారు!

కూరగాయలైనా సరే నాలుగు కొట్లు తిరిగి, బేరమాడిగానీ కొనను నేను. అలాంటిది ఫోన్లో బొమ్మ చూసి తెప్పించిన ఓ ఇనప ముక్క నా కాలు విరిచినంత పని చేసింది. మొన్న ఇరుగుపొరుగు ఆడవాళ్లతో ఈ మాటే అంటే, మరో ఇద్దరు తమకూ ఇలాగే జరిగిందన్నారు. అందుకే రాస్తున్నాను.

మాది శ్రీముఖలింగం. శివరాత్రికి జనం కిటకిటలాడతారుగానీ మామూలు రోజుల్లో చిన్న ఊరే. చీర కొనాలన్నా, డాక్టరుకి చూపించుకోవాలన్నా నరసన్నపేట వెళ్లాల్సిందే. మావారి బండి వెనక ఓ పక్కకి కూర్చుని నెలకి నాలుగైదుసార్లయినా వెళ్తుంటాను. బండి కొని పదేళ్లయింది. వెనక చక్రం పక్కనుండే శారీగార్డు తుప్పు పట్టి, వెల్డింగు దగ్గర ఊడిపోయింది.

"షాపులో ఆరొందలట, ఆన్‌లైన్లో మూడొందల నలభై తొమ్మిదికే వస్తోంది" అన్నారు మావారు. కింద 'అన్ని బళ్లకీ సరిపోతుంది' అని రాసుంది. ఇంకేం, ఆర్డరిచ్చేశాం.

వారానికి వచ్చింది. పై బోల్టు పడితే కింద కన్నం రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. మావారు దాన్ని కాస్త వంచి, కింద బైండింగు తీగతో బిగించి కట్టేసి, "ఇంక కదలదులే" అన్నారు. అబద్ధమెందుకు, నాకూ బాగానే ఉన్నట్టనిపించింది.

కార్తీకమాసంలో ఓ సాయంత్రం నరసన్నపేట నుంచి తిరిగొస్తున్నాం. స్పీడు బ్రేకరు దగ్గర బండి ఎగిరి పడేసరికి కింద కరకరమని చప్పుడు. "ఏమండీ, ఆపండి" అనేలోపే కుచ్చిళ్లు ఎవరో పట్టి లాగినట్టు కిందికి పోయాయి. బండి నెమ్మదిగా ఉంది కాబట్టి చీర గజం మేర చిరిగి, చీలమండ దగ్గర చర్మం దోక్కుపోయి ఊరుకుంది. అదే హైవే మీదయితే? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇంటికెళ్లాక మా అత్తమ్మ చూసి, "ఓలమ్మ! చీర పోతే పోనీ, కాలు దక్కింది" అంది.

మర్నాడు మెకానిక్కు చూసి నవ్వాడు. "ఏటమ్మా ఇది? మీ బండిది కాదిది. తీగతో కడితే ఆగుతాదా?" అన్నాడు. ఇద్దరు కూర్చుంటే షాకబ్జార్బర్లు దిగి చక్రం పైకి జరుగుతుందట. గార్డుకీ టైరుకీ మధ్య ఖాళీ బండి ఆగున్నప్పుడు చూస్తే చాలదు, మనిషిని కూర్చోబెట్టి చూడాలట. ఈ సంగతి మాకెవరు చెప్పారు! బండికి సోకులన్నీ మగవాళ్లు తగిలిస్తారు, వెనక కూర్చునేది మనం.

తర్వాత తెలిసింది, శారీగార్డు అలంకారం కాదని. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989)లో 123వది దీని గురించే. వెనక మనిషి కూర్చునే బండికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండేలా కంపెనీయే తయారుచేయాలి. స్టైలుగా లేదని దాన్ని ఊడదీయించే కుర్రాళ్లుంటారు. వాళ్ల అమ్మలు ఓసారి చూసుకోవాలి.

ఇక డబ్బు సంగతి. "ఒకసారి బిగించాక వాపసు తీసుకోం" అన్నారు అమ్మినవాళ్లు. మావారు వదిలేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. వస్తువు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వాపసు తీసుకోమనీ, డబ్బివ్వమనీ అమ్మకందారు అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ఫిర్యాదు అందిందని సైటువాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు.

కన్నాల మధ్య ఎడం తెలిసేలా టేపు పెట్టి ఫొటోలు తీసి పంపాను. 'అన్ని బళ్లకీ' అన్న ప్రకటన ఫొటో కూడా జతచేశాను. అదృష్టం, అది ఫోన్లో దాచి ఉంచాను. మూడు వారాలకి డబ్బు వెనక్కొచ్చింది. చీర డబ్బు రాలేదనుకోండి.

ఇప్పుడు మా బండికి ఆ మోడలుదే, కంపెనీ గార్డు బిగించాం. ఆరొందల ఇరవై అయింది. బిగించాక నేనే ఎక్కి కూర్చున్నాను, మెకానిక్కు వంగి చక్రానికీ దానికీ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. పాతదాన్ని తిరిగి పంపమని ఎవరూ అడగలేదు. పెరట్లో పాతి, మా అత్తమ్మ దాని మీదికి చిక్కుడు పాదు ఎక్కించింది.