మెయిన్‌ఫ్రేమ్ కన్సోల్ నుంచి నెట్‌వర్క్ రౌటర్ల పర్యవేక్షణ, నిర్వహణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్కులలోకి రౌటర్లు ప్రవేశించిన తరువాత కేంద్ర కన్సోల్‌కు కనిపించని ఒక మధ్యభాగం ఏర్పడింది. ఆ భాగాన్ని నెట్‌వ్యూ, సర్వీస్ పాయింట్ విధానం ఎలా వెలుగులోకి తెచ్చాయో, అందులోని పరిమితులు ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మెయిన్‌ఫ్రేమ్, ఎస్.ఎన్.ఏ., నెట్‌వ్యూ, రౌటర్, సర్వీస్ పాయింట్, ఎస్.ఎన్.ఎం.పి.

1. ఉపోద్ఘాతం:
ఐబీఎం సంస్థ 1974లో సిస్టమ్స్ నెట్‌వర్క్ ఆర్కిటెక్చర్‌ను, అంటే ఎస్.ఎన్.ఏ.ను ప్రకటించింది. ఇది శ్రేణీకృతమైన వ్యవస్థ. మెయిన్‌ఫ్రేమ్‌లోని వీటామ్ అనే సాఫ్ట్‌వేర్ దీనికి కేంద్రం. దాని కింద కమ్యూనికేషన్ కంట్రోలర్లు, వాటి కింద క్లస్టర్ కంట్రోలర్లు, చివర టెర్మినళ్లు ఉంటాయి. ప్రతి లింకుకూ, ప్రతి పరికరానికీ వీటామ్ నిర్వచనాలలో ఒక పేరు ఉంటుంది. అందువల్ల ఏ లింకు తెగినా ఆ పేరుతోనే కన్సోల్ మీద సందేశం వచ్చేది. అంతవరకు విడివిడిగా ఉన్న ఎన్.సి.సి.ఎఫ్., ఎన్.పి.డి.ఎ., ఎన్.ఎల్.డి.ఎం. వంటి నిర్వహణ సాధనాలను కలిపి, 1986లో ఐబీఎం నెట్‌వ్యూను రూపొందించింది.

2. కనిపించని మధ్యభాగం:
టీసీపీ/ఐపీ నెట్‌వర్కులు విస్తరించాక ఒకే సంస్థ రెండు వేర్వేరు నెట్‌వర్కులను పోషించడం భారమైంది. ఎస్.ఎన్.ఏ. సమాచారాన్ని ఐపీ మార్గంలోనే పంపే పద్ధతులు వచ్చాయి. వాటిలో ముఖ్యమైన డేటా లింక్ స్విచింగ్ విధానాన్ని 1995లో ఆర్.ఎఫ్.సి. 1795 వివరించింది. దీనిలో శాఖా కార్యాలయంలోని రౌటర్, కేంద్రంలోని రౌటర్ తమ మధ్య టీసీపీ అనుసంధానాన్ని ఏర్పరచుకుంటాయి. చివరి పరికరం పంపిన ఫ్రేములకు దగ్గరి రౌటరే రసీదు ఇస్తుంది. అందువల్ల మధ్యలో కొద్దిపాటి జాప్యం కలిగినా సెషన్ తెగదు.

ఈ సౌకర్యమే పర్యవేక్షణకు చిక్కుగా మారింది. వీటామ్‌కు చివరి పరికరం కనిపిస్తుంది, కానీ దారిలోని రౌటర్లు కనిపించవు. ఒక బ్యాంకు శాఖలో టెర్మినళ్లు నిలిచిపోయాయనుకుందాం. ఆ పరికరం అందుబాటులో లేదని మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటర్ చెప్పగలడు. రౌటర్లన్నీ పనిచేస్తున్నాయని ఐపీ విభాగం చెప్పవచ్చు. రెండు మాటలూ నిజమే కావచ్చు, అయినా లోపం ఎక్కడుందో తేలదు. అది తేలేలోపు శాఖలో లావాదేవీలు ఆగిపోతాయి. రౌటర్‌ను మెయిన్‌ఫ్రేమ్ కన్సోల్‌కు చేర్చవలసిన అవసరం ఇక్కడే పుట్టింది.

3. సర్వీస్ పాయింట్ - నడిమి దుబాసీ:
ఐబీఎం నిర్వహణ విధానంలో మూడు పాత్రలు ఉన్నాయి. నిర్వహణ అంతా కేంద్రీకృతమయ్యే చోటు ఫోకల్ పాయింట్. సాధారణంగా ఇది నెట్‌వ్యూ నడిచే మెయిన్‌ఫ్రేమ్. తనంతట తానే ఎస్.ఎన్.ఏ. భాషలో నివేదించుకోగల పరికరం ఎంట్రీ పాయింట్. ఆ భాష తెలియని పరికరాల తరఫున మాట్లాడేది సర్వీస్ పాయింట్.

సిస్కో రౌటర్లలో ఈ మూడవ పాత్రను రౌటర్ సాఫ్ట్‌వేరే స్వయంగా పోషించే ఏర్పాటు వచ్చింది. రౌటర్ తనను తాను ఒక ఫిజికల్ యూనిట్‌గా వీటామ్‌కు పరిచయం చేసుకుంటుంది. వీటామ్ నిర్వచనంలోని గుర్తింపు వివరాలు, రౌటర్ పంపిన గుర్తింపు వివరాలు సరిపోలితే రెండింటి మధ్య నియంత్రణ సెషన్ ఏర్పడుతుంది. నిర్వహణ సమాచారమంతా ఈ సెషన్ మీదే ఎన్.ఎం.వి.టి. అనే రూపంలో సాగుతుంది.

ఆపరేటర్ నెట్‌వ్యూలో రన్‌కమాండ్ అనే ఆదేశం ఇస్తాడు. అందులో సర్వీస్ పాయింట్ పేరు, అప్లికేషన్ పేరు, ఆ తరువాత రౌటర్‌కు చేరవలసిన ఆదేశం వరుసగా ఉంటాయి. మెయిన్‌ఫ్రేమ్ ఎబ్సిడిక్ సంకేతావళిని, రౌటర్ ఆస్కీ సంకేతావళిని వాడతాయి. ఆంగ్ల వర్ణమాలలోని మొదటి పెద్ద అక్షరం విలువ ఆస్కీలో 65, ఎబ్సిడిక్‌లో 193. కనుక వెళ్లే ఆదేశానికీ వచ్చే జవాబుకూ సంకేతమార్పిడి తప్పదు. జవాబు 24 వరుసలు, 80 నిలువుల 3270 తెర మీద పాఠ్యంగా కనిపిస్తుంది. అది పాఠ్యమే కనుక రెక్స్ భాషలో రాసిన ప్రోగ్రాములు దానిని చదివి, ఇంటర్‌ఫేస్ స్థితిని గుర్తించి తదుపరి చర్య తీసుకోగలవు.

4. హెచ్చరిక, మౌనం:
రౌటర్ తనంతట తాను పంపే సమాచారం అలర్ట్. ఇందులో పూర్తి వాక్యాలకు బదులు సంకేతసంఖ్యలు ఉంటాయి. వాటికి సరిపడే వివరణను నెట్‌వ్యూ తెర మీద చూపుతుంది. ఎస్.ఎన్.ఎం.పి.లో ఇదే పని ట్రాప్ చేస్తుంది. అయితే ట్రాప్ యూడీపీ 162వ పోర్టుకు రసీదు లేకుండా వెళ్తుంది. దారిలో పోతే పంపిన రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. రసీదు కోరే ఇన్‌ఫామ్ సందేశం రెండవ సంచికతోనే వచ్చింది.

ఏ పద్ధతిలోనైనా పూర్తిగా ఆగిపోయిన రౌటర్ తన మరణవార్తను తాను పంపలేదు. కనుక మౌనాన్ని కూడా సమాచారంగానే చదవాలి. నియంత్రణ సెషన్ తెగిందని వీటామ్ చెప్పే మాటకు అందుకే విలువ ఉంది. కానీ ఆ మాట రౌటర్ ఆగిందని రుజువు చేయదు. దానికి వెళ్లే దారి తెగి ఉండవచ్చు. పొరుగు రౌటర్‌ను ప్రశ్నించి ఈ రెంటినీ వేరుచేయడమే నిర్ధారణలో మొదటి మెట్టు. పొరుగు రౌటర్‌కూ సర్వీస్ పాయింట్ ఉంటేనే కన్సోల్ నుంచి అది సాధ్యం.

5. అధికారం, బాధ్యత:
పర్యవేక్షించే దారి, పర్యవేక్షణకు లోనయ్యే దారి ఒకటే కావడం ఈ ఏర్పాటులోని ప్రధాన బలహీనత. మెయిన్‌ఫ్రేమ్‌తో తనను కలిపే ఇంటర్‌ఫేస్‌నే మూసివేయమని రౌటర్‌కు ఆదేశం వెళ్తే అది అమలవుతుంది. జవాబు మాత్రం తిరిగి రాదు. ఆ తప్పును సరిదిద్దే దారి కూడా దానితోనే మూసుకుపోతుంది. అందువల్ల మోడెం ద్వారా రౌటర్‌ను చేరే వేరు మార్గం ఉంచుకోవడం అవసరం. మార్పులను శాశ్వతంగా భద్రపరచకముందే, నిర్ణీత సమయానికి రౌటర్ తిరిగి ప్రారంభమయ్యేలా ఆదేశించి ఉంచడం మరొక జాగ్రత్త. మార్పు విఫలమైతే రౌటర్ పాత అమరికకు వస్తుంది.

అధికార విషయంలో మెయిన్‌ఫ్రేమ్‌కు ఒక అనుకూలత ఉంది. ఆపరేటర్ గుర్తింపును రాక్‌ఎఫ్ వంటి భద్రతా వ్యవస్థ పరీక్షిస్తుంది. ఎవరు ఏ ఆదేశం వాడవచ్చో నెట్‌వ్యూ నియంత్రిస్తుంది, ఇచ్చిన ఆదేశాలను లాగ్‌లో నమోదు చేస్తుంది. ఎస్.ఎన్.ఎం.పి. మొదటి సంచికలో కమ్యూనిటీ పదం రహస్యలిపి లేకుండానే నెట్‌వర్క్ మీద ప్రయాణించేది. మూడవ సంచికలో వ్యక్తి గుర్తింపు, సంకేతగోపనం సమకూరాయి. దాని నిర్వచనాలు 2002లో ఆర్.ఎఫ్.సి. 3411 మొదలుకొని వెలువడ్డాయి.

6. ముగింపు:
శ్రేణీకృత దృష్టిలో కేంద్రానికి తెలియని పరికరం ఉండకూడదు. రౌటర్ల ప్రపంచంలో ప్రతి పరికరం తన దారిని తానే నిర్ణయించుకుంటుంది. సర్వీస్ పాయింట్ ఈ రెండు దృష్టులను ఒకటి చేయలేదు, ఒకదాని మాటను మరొకదానికి అందించింది. లోపం సంభవించినప్పుడు రెండు విభాగాలకూ ఒకే తెర మీద ఒకే సాక్ష్యం లభించడం దీని ప్రయోజనం. ఆ సాక్ష్యాన్ని చదవడానికి వీటామ్ సందేశమూ, రౌటర్ జవాబూ రెండూ తెలిసిన నిపుణులు కావాలి. రెండు విభాగాలకూ ఉమ్మడి శిక్షణ లేనిచోట ఒకే కన్సోల్ ఉన్నా పాత వివాదమే కొనసాగుతుంది.