ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయం

గ్రంథాలయాలకు నిధుల కోత ఇంగ్లండులో ఒక తీరుగా, తెలుగు నేలపై మరో తీరుగా జరుగుతుంది. అక్కడ స్థానిక కౌన్సిలు సమావేశమై, బడ్జెట్టు చాలడం లేదని తీర్మానించి, ఫలానా తేదీ నుంచి ఫలానా శాఖను మూసివేస్తున్నట్టు ప్రకటిస్తుంది కనుక, దానిని ఎదిరించదలచిన వారికి ఒక కాగితం, ఒక తేదీ, బాధ్యుల పేర్లు చేతికి దొరుకుతాయి. ఇక్కడ అటువంటి తీర్మానం ఎవరూ చేయరు. జనం చెల్లించిన సొమ్ము గ్రంథాలయానికి చేరక మధ్యలో నిలిచిపోతుంది; ముందు కొత్త పుస్తకాలు రావడం మానేస్తాయి, ఆ తరువాత వారపత్రికలు, చివరికి ఏజెంటు బిల్లు పేరుకుపోయి దినపత్రికలూ తగ్గుతాయి; తలుపులు మాత్రం తెరిచే ఉంటాయి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ నియోజకవర్గంలోని కోహీర్ వంటి పట్టణాల్లో గ్రంథాలయం కోసం పోరాడదలచిన వారు అందుకే ఇంటి పన్ను రసీదు దగ్గర మొదలుపెట్టవలసి ఉంటుంది.

ఆ రసీదులో ఇంటి పన్ను, దీపాల పన్ను, నీటి పన్ను వంటి పద్దుల నడుమ గ్రంథాలయ పన్ను అనే చిన్న పద్దు ఒకటి ఉంటుంది. వాడుకలో దీనిని లైబ్రరీ సెస్సు అంటారు. సెస్సు అంటే ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం అసలు పన్నుపై అదనంగా వేసే చిల్లర పన్ను. దానిని ఆ ప్రయోజనానికే ఖర్చు చేయాలన్నది దాని మౌలిక నియమం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం ప్రకారం, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకూ వర్తిస్తూ వచ్చిన ఆ చట్టం ప్రకారమే, ఇంటి పన్ను ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున ఈ సెస్సును పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జిల్లాలోని శాఖా గ్రంథాలయాలను, చిన్న ఊళ్లలోని పుస్తక నిక్షిప్త కేంద్రాలను నడిపే చట్టబద్ధ సంస్థ అది. ఉద్యోగుల జీతాల భారం ప్రధానంగా ప్రభుత్వ గ్రాంటుది కాగా, పుస్తకాలు, పత్రికలు, అద్దెలు, కరెంటు, కుర్చీల మరమ్మతు వంటి రోజువారీ అవసరాలకు ఈ సెస్సే ఆధారం. ఏడాదికి 1,000 రూపాయల ఇంటి పన్ను కట్టే కుటుంబం అందుకు తోడు 80 రూపాయలు గ్రంథాలయం పేరిట చెల్లిస్తోందన్న మాట. ఆ కుటుంబంలో గ్రంథాలయం గడప తొక్కినవారు ఒక్కరూ లేకపోవచ్చు. అయినా పన్ను మాత్రం కట్టి తీరాలి.

చిక్కంతా వసూలుకూ జమకూ మధ్య ఉంది. బిల్ కలెక్టరు ఇంటింటికీ తిరిగి తెచ్చిన మొత్తం సాధారణంగా ఒకే ఖాతాలో పడుతుంది. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల కరెంటు బకాయి, పైపులైను పగుళ్లు వెంటనే తలుపు తడతాయి గనుక, ఎవరూ అరిచి అడగని గ్రంథాలయ వాటాను వెనక్కి నెట్టడం కార్యదర్శికీ కమిషనరుకూ అతి సులువు. దీనిని అవినీతి అనడం అన్ని వేళలా న్యాయం కాదు, చాలా చోట్ల ఇది కరవులో ఉన్న సంస్థ చేసే సర్దుబాటు. అయితే ఒక పేరు చెప్పి వసూలు చేసిన పైకాన్ని మరో దానికి వాడుకోవడం ఎంత అవసరమైనా సరే, సెస్సు నియమానికి విరుద్ధమే. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ నగర గ్రంథాలయ సంస్థకు చెల్లించవలసిన సెస్సు బకాయి వందల కోట్ల రూపాయలకు చేరిందని పత్రికలు పలుమార్లు రాశాయి. రాజధానిలోనే పరిస్థితి ఇలా ఉంటే మండల కేంద్రంలోని పంచాయతీని గట్టిగా నిలదీసే నైతిక బలం పై అధికారులకు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ ప్రాంతంలో గ్రంథాలయాన్ని ప్రభుత్వం దయతో పెట్టిన వసతిగా భావించడం చరిత్రకు సరిపోదు. నిజాం రాజ్యంలో తెలుగువారి తొలి ఆధునిక గ్రంథాలయంగా పేరొందిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు వంటివారు దాని వెనుక ఉన్నారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం, మరుసటి ఏడు సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. కోస్తాలో 1914లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడగా, ఆ దారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి నాగభూషణం వంటివారు జీవితాలనే వెచ్చించారు. అయితే రెండు చోట్లా పరిస్థితి ఒకటి కాదు. బ్రిటిషు ఆంధ్రలో సభ పెట్టుకోవడానికి అంత అడ్డంకి లేదు; నిజాం రాజ్యంలో బహిరంగ సభలకు ముందస్తు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వుల నీడలో, నలుగురు చేరి పత్రిక చదువుకునే గది కూడా పోలీసుల కంట అనుమానాస్పదమైనదే. 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం తన కార్యక్రమంలో గ్రంథాలయ స్థాపనను ముఖ్యంగా చేర్చుకోవడం, 1930లో తొలి నిజామాంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, నేటి సంగారెడ్డి జిల్లాలోనే ఉన్న జోగిపేటలో జరగడం ఈ నేపథ్యంలో చూడవలసినవి. పుస్తకాలను మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి తరానికి చదువుకునే గది అంటే కాలక్షేపం మాత్రమే కాదు.

ఆ ఉద్యమాల ఒత్తిడి ఫలితంగానే చట్టాలు వచ్చాయి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ దీర్ఘకాల కృషితో 1948లో మద్రాసు రాష్ట్రం ప్రజా గ్రంథాలయాల చట్టం చేసి, ఇంటి పన్నుపై సెస్సు అన్న పద్ధతిని స్థిరపరచింది. 1955లో హైదరాబాదు రాష్ట్రమూ తన చట్టాన్ని చేసుకుంది. రెండు ప్రాంతాలు కలిశాక 1960 చట్టం వాటి స్థానాన్ని ఆక్రమించింది. సర్కారు మనసు మారినప్పుడల్లా గ్రంథాలయం ఆకలితో మాడకుండా దానికంటూ ఒక సొంత రాబడి ఉండాలన్నది సెస్సు వెనుక ఉన్న అసలు ఆలోచన. ఆ రాబడిని వసూలు చేసే చేతికీ ఖర్చు చేసే చేతికీ మధ్య పహరా పెట్టడంలో మాత్రం చట్టం మెతకగా ఉండిపోయింది. తరువాతి కాలంలో 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన అంశాల జాబితా అయిన పదకొండో షెడ్యూలులో గ్రంథాలయాలను చేర్చింది కానీ, ఆ మాట కాగితం దాటి పెద్దగా నడవలేదు.

కోహీర్ విషయంలో మరో చిక్కు, నిజానికి ఒక అవకాశం కూడా, ఉంది. వికారాబాద్–పర్లీ రైలు మార్గంపై ఉన్న ఈ ఊరు జామ తోటలకు పేరుపొందింది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వరకు జహీరాబాద్ ప్రాంతం బీదరు జిల్లాలో ఉండి, ఆ తరువాతనే మెదక్ జిల్లాలోకి వచ్చింది. అందువల్ల ఇక్కడ తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడ, కొంతమేర మరాఠీ ఇళ్లలో వినపడుతూనే ఉంటాయి. ఇటువంటి చోట గ్రంథాలయం చేయవలసిన పని హైదరాబాదు నుంచి పంపిన ఒకే తరహా పుస్తకాల మూటతో తీరదు. ఉర్దూ దినపత్రిక చదవడానికి వచ్చే పెద్దాయన, కన్నడ పుస్తకం వెతికే గృహిణి, గ్రూప్స్ పరీక్షకు సిద్ధమవుతూ తన గైడు తానే తెచ్చుకుని ఫ్యాను కిందకు చేరే యువకుడు ఒకే బల్లను పంచుకుంటారు. పత్రికల చందా ఆగితే ముందుగా దెబ్బ తినేది అందరికంటే తక్కువ మంది అడిగే భాషే. నిధుల కోత ఎవరిపై పడుతుందో లెక్కల పుస్తకం చూపదు, ఆ బల్ల చూపుతుంది. పోటీ పరీక్షల అభ్యర్థులు గ్రంథాలయాన్ని చదువు గదిగా మార్చేశారని నిష్ఠూరమాడేవారు లేకపోలేదు; అయితే రోజూ పొద్దున తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడేది వారే కనుక, గ్రంథాలయాన్ని నిలిపే ఏ ఉద్యమానికైనా తొలి సైన్యం వారే అవుతారు.

2025 ఆరంభంలో తెలంగాణ ప్రభుత్వం కొత్తగా ఏర్పరచిన మునిసిపాలిటీల్లో కోహీర్ ఒకటి. ఈ హోదా మార్పు పన్ను లెక్కలను మారుస్తుంది: మునిసిపల్ పద్ధతిలో ఆస్తి పన్నును మళ్లీ అంచనా వేసినప్పుడు పన్ను పెరిగితే, దానితోపాటే సెస్సూ పెరుగుతుంది. ఉదాహరణకు, 5,000 ఇళ్లు సగటున ఏటా 1,000 రూపాయల పన్ను కడితే 50 లక్షలు, దానికి తోడు గ్రంథాలయ వాటాగా 4 లక్షలు అదనంగా రావాలి. పత్రికలకు, పుస్తకాలకు ఒక చిన్న పట్టణంలో అది చెప్పుకోదగ్గ మొత్తమే. పన్ను పెంపుపై మండిపడే పౌరులు ఆ 8 పైసలు ఎటు పోయాయని అడగడం ఇంకా అలవాటు చేసుకోలేదు.

అడగడానికి సాధనాలు లేకపోలేదు. సమాచార హక్కు చట్టం 2005 కింద నామమాత్రపు రుసుముతో, ఏ సంవత్సరంలో ఎంత సెస్సు వసూలైంది, ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపారు, ఎంత బాకీ అన్న మూడు ప్రశ్నలు వేస్తే, సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది. అదే ప్రశ్నలను గ్రంథాలయ సంస్థకూ విడిగా పంపి, రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూడటం మరీ ముఖ్యం, ఎందుకంటే పంపామన్నవారి లెక్కా అందలేదన్నవారి లెక్కా కలవని చోటనే అసలు సంగతి బయటపడుతుంది. ఆ తరువాత ఆడిట్ అభ్యంతరాలు, ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ, కౌన్సిలు సమావేశంలో ప్రశ్న వరుసగా వస్తాయి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తక పఠనం గురించి వేదికల మీద ప్రసంగాలు పొంగుతాయి; ఆ వారంలోనే బకాయి జాబితాను అదే వేదిక దగ్గర అతికించడం అంత కష్టమేమీ కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్ష పదవి ప్రభుత్వ నియామకం కనుక, పార్టీ పంపకాల్లో ఆ కుర్చీకి ఉన్న గిరాకీలో పదో వంతు పుస్తకాల కొనుగోలుకు దొరికితే బాగుండునని పాఠకులు నిట్టూర్చడమూ సహజమే.

ఇంగ్లండు అనుభవంలో ఇక్కడికి పనికొచ్చేది ఒకటుంది, జాగ్రత్తపడవలసినది మరొకటుంది. 1964 నాటి చట్టం అక్కడి స్థానిక సంస్థలు సమగ్రమూ సమర్థమూ అయిన గ్రంథాలయ సేవ అందించాలని విధించింది. 2011 నవంబరులో గ్లాస్టర్‌షైర్, సోమర్సెట్ కౌన్సిళ్ల కోత నిర్ణయాలను హైకోర్టు చెల్లవని తేల్చింది, సమానత్వ బాధ్యతను పట్టించుకోకపోవడమే కారణం. అంటే వృద్ధులు, దివ్యాంగులు వంటివారిపై పడే ప్రభావాన్ని తగినంతగా తూచలేదన్నది ఆక్షేపణ. లండనులోని బ్రెంట్ ప్రాంతంలో మాత్రం పౌరులు కోర్టులో ఓడిపోయారు. 1900లో మార్క్ ట్వేన్ ప్రారంభించిన కెన్సల్ రైజ్ గ్రంథాలయాన్ని కాపాడుకునేందుకు పట్టుబట్టిన స్థానికులు చివరికి 2019లో దానిని సామాజిక గ్రంథాలయంగా తిరిగి తెరిపించుకున్నారు. అందులో గెలుపు ఉంది, నష్టం కూడా ఉంది: జీతం తీసుకునే గ్రంథపాలకుల స్థానంలో స్వచ్ఛంద సేవకులు వచ్చిన చోట, ప్రభుత్వ బాధ్యత మెల్లగా పౌరుల ఖాళీ సమయం మీదికి జారిపోతుంది.

తెలుగు నేలపై ఆ ప్రమాదం ఇప్పటికే మరో రూపంలో ఉంది. దాతలు ఇచ్చిన పుస్తకాలతో, యువజన సంఘాల చందాలతో నడిచే పఠన మందిరాలు ఎంత మెచ్చుకోదగినవైనా, సెస్సు చెల్లించనక్కరలేదన్న సాకును స్థానిక సంస్థలకు అందిస్తాయి. జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పల్లెల్లోని మహిళా సంఘాల ద్వారా విత్తనాలను కాపాడుకోవడం, 2008 నుంచి మాచనూరులో సంఘం రేడియో నడపడం ఈ ప్రాంత ప్రజలకు సొంతంగా సంస్థలు నిలబెట్టుకునే శక్తి ఉందని చూపుతుంది. ఆ శక్తిని పుస్తకాల చందా పోగుచేయడానికి వాడాలా, బకాయి వసూలుకు వాడాలా అన్న ఎంపికలో రెండోది కష్టమైనదే అయినా, జిల్లాలోని ప్రతి శాఖకూ మేలు చేసేది అదే.

కోహీరుకు ప్రత్యేకించి ఒక ప్రశ్న మిగిలి ఉంది. పంచాయతీ మునిసిపాలిటీగా మారినప్పుడు దాని ఆస్తులతోపాటు అప్పులూ కొత్త సంస్థ ఖాతాలోకే చేరుతాయి. పంచాయతీ కాలంలో వసూలై జమ కాని గ్రంథాలయ సెస్సు ఏమైనా ఉంటే, అది బాధ్యతల జాబితాలో నమోదైందా, లేక హోదా మార్పుతో పాత రిజిస్టర్లతోపాటే అటకెక్కిందా అన్నది పురపాలక కార్యాలయంలో ఒక దరఖాస్తుతో తేలే విషయం.