న్యుమోనియా వ్యాప్తి - పంచాయతీల కర్తవ్యము

చలికాలము ప్రవేశించగానే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పల్లెలలో దగ్గు, పడిశము అధికమగును. వీనిలో పెక్కు వాటంతటవే తగ్గిపోవును. కాని కొందరు పసిబిడ్డలలోను, వృద్ధులలోను వ్యాధి ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియాగా మారును. పిల్లలు డొక్కలెగరవేయుట దీని లక్షణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో అయిదేండ్ల లోపు పిల్లలు 7 లక్షల 40 వేలమంది దీనివలన మరణించిరి. నివారింపదగిన వ్యాధి ఇందరిని బలిగొనుట శోచనీయము.

చలిగాలియే ఈ వ్యాధికి మూలమను అభిప్రాయము సరికాదు. సూక్ష్మజీవులే దీనికి కారణము. వానిలో ముఖ్యమైన న్యుమోకోకస్‌ను 1881లో ఫ్రాన్సులో పాశ్చరు, అమెరికాలో స్టెర్న్‌బర్గు వేర్వేరుగా కనుగొనిరి. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడు తుంపరల ద్వారాను, అవి అంటిన చేతుల ద్వారాను ఇవి ఇతరులకు సోకును. చలికి తలుపులు మూసి అందరును ఒకే గదిలో పరుండుటచే వ్యాప్తి సులభమగుచున్నది. కట్టెల పొయ్యి పొగ, చుట్ట బీడీల పొగ శిశువుల ఊపిరితిత్తులను బలహీనపరచును. బీడీలు చుట్టు ఇండ్లలో పొగాకు దుమ్మునకు పిల్లలను దూరముగా నుంచవలెను.

నివారణోపాయములు మన చేతిలోనే కలవు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఈయవలెను. సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గాలి, వెలుతురు వచ్చునట్లు కిటికీలు తెరువవలెను. పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారములకు వేయింపవలెను. 2021లో దేశమంతటికి విస్తరింపబడిన న్యుమోకోకల్ టీకాను 6, 14 వారములకును, 9వ నెలలోను ఉచితముగా వేయుదురు.

శ్వాస లెక్కించుట తల్లులందరును నేర్వదగినది. బిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు నిండు నిమిషము లెక్కింపవలెను. రెండు నెలల లోపు బిడ్డకు 60, సంవత్సరము లోపు 50, అయిదేండ్ల లోపు 40 లేక అంతకు మించినచో వెంటనే వైద్యునికి చూపవలెను. డొక్కలు లోనికి పోయినను, బిడ్డ పాలు త్రాగకున్నను క్షణమైన ఆలస్యము కూడదు. వాతలు పెట్టుటచే రోగము తగ్గదు సరికదా, అమూల్యమైన కాలము వ్యర్థమగును. వైద్యుడిచ్చిన మందును బిడ్డ తేరుకొనినదని మధ్యలో మానరాదు.

2018 చట్టముచే పెక్కు తండాలు స్వయముగా పంచాయతీలైనవి. దూరపు తండాలనుండి రాత్రివేళ ఆసుపత్రి చేరుటయే కష్టము. కావున 108 వాహనము వచ్చులోపల ఉపయోగపడు వాహనము ఎవరి యింట కలదో సభ్యులు ముందే నిశ్చయించి యుంచవలెను. ఆశా కార్యకర్తతో కలిసి టీకాలు తప్పిన బిడ్డల జాబితా వ్రాయవలెను. పనికై వలస వచ్చిన కుటుంబముల పిల్లలను మరువరాదు. అంగన్‌వాడీలో శ్వాస లెక్కింపును తల్లులకు చూపింపవలెను.

వీనికి పెద్ద నిధులు అవసరము లేదు; శ్రద్ధ చాలును. రాబోవు పంచాయతీ సమావేశముననే ఈ విషయమును చర్చింపుడని సభ్యులకు మనవి చేయుచున్నాము.